గాడిదను తిరిగి ఇచ్చారా?

పొదిలి దగ్గర, మన ఊరు
11 జనవరి 1959

చెల్లెలు వీరమ్మకి అన్న ఏసోబు రాయించేది కాదు, రాసేది. ఈ అక్షరాలు నావే. వంకరగా ఉంటే తప్పు చేతిది.

నేను బాగున్నాను. మోకాళ్ళు బాగాలేవు. నువ్వెట్లా ఉన్నావని అడగను. అడిగితే జబ్బులన్నీ వరసపెట్టి రాస్తావు, అవన్నీ కూడబలుక్కుని చదివేసరికి నాకు పొద్దుగూకుతుంది.

నీతో ఒక పని పడింది. హుస్సేన్ సాహెబ్ కల్లంలో మిరపకాయలు ఎండబోశారు. ఆడవాళ్ళు పాతికమంది కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. తెల్లబడినవి ఒక పక్కకి, ఎర్రవి ఒక పక్కకి. సాహెబు నాకు కాపలా పని ఇచ్చాడు. కాపలా అంటే కోళ్ళని అదిలించడం. ఈ వయసుకి అదే ఎక్కువ. మన పెద్దోడి కూతురు జయకుమారి, పదకొండేళ్ళది, బడి లేనప్పుడు వాళ్ళమ్మతో వచ్చి కూర్చుంటుంది. దాని నోరు మూతపడదు. నీ పోలికే.

మొన్న అందరిముందూ అడిగింది. "తాతా, ప్రభువు యెరూషలేముకి పోయేటప్పుడు శిష్యులు వచ్చి ఎవరిదో గాడిదని, దాని పిల్లని విప్పుకుపోయారు గదా. ప్రభువుకి కావాలి అన్నారు గదా. మళ్ళీ తిరిగి ఇచ్చారా?"

అరవై తొమ్మిదేళ్ళలో నన్ను ఎవరూ అడగని మాట అది. గుడి అయ్యగారిని అడగమన్నాను. జయరావు అయ్యగారు "అది మనకి రాయబడలేదమ్మా" అన్నాడట. పిల్ల మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. అప్పుడు నేను ఊరుకోవాల్సింది. ఊరుకోకుండా, ఆ గాడిద గలవాళ్ళ ఇంట్లో ఒక ఆడపిల్ల ఉండేదని, ఆ రోజు ఆ పిల్ల ఏం చేసిందనీ ఒక కథ ఎత్తుకున్నాను. సగం చెప్పి ఆపాను. ఆడవాళ్ళు చేతులు ఆపి "తర్వాత?" అన్నారు. ఇది నా సొంత కథ కాదు, పుస్తకంలో ఉంది, చిన్నప్పుడు ఆదివారం బడిలో దొరసాని సగమే చదివింది, మిగతాది గుంటూరు నుంచి మా చెల్లెలు పంపిస్తుంది అన్నాను.

అనేశాను. కాబట్టి పంపించు. పిల్లల కోసం రాసిన పుస్తకం. ప్రభువు కాలం నాటి కథ. వేదం కాదు, వేదం పక్కన పెట్టుకుని చదువుకునేది. పేరు గుర్తులేదు. అట్ట ఎర్రగా ఉండేదనుకుంటా.

ఇట్లు
ఏసోబు
(ఇది సంతకం. వేలిముద్ర కాదు.)


బ్రాడీపేట, గుంటూరు
20 జనవరి 1959

అన్నకి వీరమ్మ వందనాలు.

నీ ఉత్తరం చదవడానికి మా హాస్టలు పిల్లలు ముగ్గురు కావాల్సి వచ్చింది. ఒకతె అక్షరాలు చెప్పింది, ఒకతె మాటలు కలిపింది, మూడోది నవ్వింది. నాకు కుడి కంట్లో పొర వచ్చింది. జబ్బులు రాయొద్దన్నావు కనక ఆ ఒక్కదానితో ఆపుతాను.

నీ పుస్తకం కోసం శనివారం పప్పు పొయ్యిమీద నుంచి దించి, వార్డెనమ్మగారిని బతిమాలుకుని బయటికెళ్ళాను. ముప్పై ఏళ్ళుగా ఈ హాస్టలు వంటింట్లో ఉన్నాను గానీ పుస్తకాల కొట్టు మెట్లు ఎక్కడం అదే మొదలు. "గాడిద పిల్ల పుస్తకం ఉందా నాయనా?" అన్నాను. నా వెనక నిలబడ్డ కాలేజీ అమ్మాయి "నన్నెందుకండీ తిడుతున్నారు?" అని పోట్లాటకి వచ్చింది. కొట్టాయన మధ్యలో పడి, పశువుల పుస్తకాలు పశువుల ఆసుపత్రిలో ఇస్తారు, అక్కడికి వెళ్ళండి మామ్మగారూ అన్నాడు. ఇంకో కొట్లో పాటల పుస్తకాలు, బాప్తిస్మం పుస్తకాలు, తాగుడు మానండి అనే పుస్తకాలు ఉన్నాయి. ఆ చివరిది నీకు పంపిద్దామా అనుకున్నాను.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. ఆ ఆదివారం బడిలో నేనూ నీ పక్కనే కూర్చున్నాను. దొరసాని బొమ్మల అట్టలు చూపించేది గానీ పుస్తకం చదివినట్టు నాకు గుర్తులేదు. నీకు పుస్తకమూ బొమ్మల అట్టా కలిసిపోయాయేమో.

జయకుమారికి ముద్దులు.

నీ చెల్లెలు
వీరమ్మ


పొదిలి దగ్గర
29 జనవరి 1959

వీరమ్మకి,

నాకేమీ కలిసిపోలేదు. నువ్వు అప్పుడు ఏడేళ్ళదానివి, ముక్కు కారుతూ నిద్రపోయేదానివి. పుస్తకం ఉంది. ఉందని నేను పాతికమంది ముందు చెప్పాను. ఉండాలి.

తాగుడు పుస్తకం నువ్వే దాచుకో. నేను మానేసి పదకొండేళ్ళయింది, ఎవరో పుస్తకం రాస్తే మానలేదు.

ఇక్కడ ఇబ్బంది పెరుగుతోంది. పొద్దున్నే కల్లంలోకి అడుగు పెట్టగానే "పుస్తకం వచ్చిందా?" అని ఒకతె, "గాడిద ఇంటికి చేరిందా?" అని ఒకతె. లాల్‌బీ అని ఒకామె ఉంది, మన సాయిబుల మనిషే, దూదేకుల వాళ్ళ కోడలు. ఆమెకి మన వేదంతో పనిలేదు గానీ ఆమే ఎక్కువ అడుగుతుంది. "ఏం తాతా, ఆ గాడిద పాలు ఎవరు తాగేవాళ్ళు? ఆ ఇంట్లో పసిబిడ్డ ఉందా?" అంది. ఉంది అన్నాను. ఎట్లా పట్టుకుందో తెలియదు.

కథ ఆపేశానని కాయలు ఏరే చేతులు నెమ్మదించాయి. సాహెబు కూడా వచ్చి, "ఏసోబూ, ఆ మిగతా సగం తొందరగా తెప్పించవయ్యా, ఎండ ముదిరితే కాయ రంగు పోతుంది" అన్నాడు.

జయకుమారి అడగడం మానేసింది. అదే నాకు బాగాలేదు. నా వంక చూసి తల దించుకుంటుంది. తాత అబద్ధం చెప్పాడేమోనని అనుమానం తగిలినట్టుంది.

వెతుకు. కాళ్ళు నొప్పులైతే కూర్చుని వెతుకు.

ఏసోబు


బ్రాడీపేట
9 ఫిబ్రవరి 1959

అన్నకి,

కూర్చుని వెతకమన్నావు, కూర్చునే వెతికాను. మీరా హుస్సేన్ అని పాత పుస్తకాలు కుట్టి అట్టలు వేసే ఆయన ఉన్నాడు, మా వీధి మలుపులోనే. ఆయన కొట్లో స్టూలు వేస్తాడు. మనిషి నెమ్మదస్తుడు. ఏ మతం పుస్తకమైనా ముందు కళ్ళకద్దుకుని తర్వాతే సూది గుచ్చుతాడు. ఆయన నాలుగు రోజులు గోనెలు తిరగేసి రెండు తీశాడు.

ఒకటి రోమా సైనికుడి కథ. ప్రభువు కాలం తర్వాత ముప్పై ఏళ్ళకి జరిగినట్టు రాశారట. లావుగా ఉంది, బొమ్మలు నాలుగున్నాయి. రెండోది చిన్నది, ఆ కాలంలో ఒక భక్తిగల పిల్ల కథ. అట్ట ఎర్రది కాదు, నీలంది. ఎర్ర అట్ట కావాలంటే వేసిస్తానన్నాడు మీరా హుస్సేన్. నవ్వకుండానే అన్నాడు.

మీ ఊరి మనిషి ఒకాయన ఆసుపత్రికి వచ్చి హాస్టలుకి వచ్చాడు. మట్టల ఆదివారం నాడు మన గుడిలో నువ్వు నిలబడి ఏదో చెబుతావట గదా. సంఘపెద్దని చేస్తారా నిన్ను? అందుకేనా ఈ పుస్తకం హడావుడి? ముందే చెబితే ఇంకా గట్టిగా వెతికేదాన్ని. నాకు ఎంత సంతోషమయిందో. నాయన ఉంటే చూసేవాడు.

వీరమ్మ


పొదిలి దగ్గర
18 ఫిబ్రవరి 1959

వీరమ్మకి,

సంఘపెద్దా లేదు, ఏమీ లేదు. ఆ ఊసులాడినవాడికి చెవులు పనిచెయ్యవు. జరిగింది ఇది. నేను కల్లంలో కథ చెబుతున్న సంగతి అయ్యగారికి ఎవరో మోశారు. గుడి అయిపోయాక ఆపి అడిగాడు. "ఏసోబూ, వేదంలో లేని మాటలు ప్రభువు దినాలకి కలిపి చెబుతున్నావట. పుస్తకం ఉందంటే తీసుకురా, చూస్తాను, మంచిదైతే పిల్లలందరికీ చదివిద్దాం. లేదంటే మట్టల ఆదివారం నాడు లేచి, అది నేను కల్పించింది అని ఒప్పుకుని కూర్చో" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మర్యాదగా అన్నందుకే తల తీసేసినట్టుంది.

నేను ఎన్నడూ ఎవరి ముందూ ఒప్పుకుని కూర్చోలేదు. నీకు తెలుసు.

నీ పుస్తకాలు వచ్చాయి. సైనికుడిది జయకుమారి పెద్దగా చదివింది. "తదనంతరము", "అట్టి తరుణమున" దగ్గర దాని నాలుక మడతపడింది. వాడి కత్తికి పేరు పెట్టారు, గుర్రానికి పేరు పెట్టారు. వాడు పొద్దున ఏం తిన్నాడో ఎక్కడా లేదు. లాల్‌బీ "వీళ్ళకి చెమట పట్టదా తాతా? రెండు వందల పేజీల్లో ఒక్కడూ మంచినీళ్ళు అడగలేదు" అంది. పాతకాలం అంటే మనుషులు బొమ్మల్లా నిలబడి మాట్లాడుకున్న కాలం అనుకున్నాడేమో రాసినాయన.

రెండోది పదో పేజీలోనే పిల్లని చంపేసింది. ప్రార్థన చేస్తూ, నవ్వుతూ పోయిందట. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. జయకుమారి వాళ్ళమ్మ "మామా, మేం పూడ్చిన పిల్లలు ఎవరూ నవ్వుతూ పోలేదు, ఇది వద్దు" అంది. ఆ మాటకి పుస్తకం మూసేశాను.

నువ్వు మనసు పెట్టి వెతకడం లేదు. ఎందుకో నాకు తెలుసు. అది మనసులో పెట్టుకుని ఉన్నావు ఇన్నేళ్ళూ. పెట్టుకో, కాదనను. కానీ ఈ ఒక్క పుస్తకానికి అది అడ్డం పెట్టకు.

మట్టల ఆదివారం మార్చి ఇరవై రెండు.

ఏసోబు


బ్రాడీపేట
26 ఫిబ్రవరి 1959

అన్నా,

ఎందుకో నీకు తెలుసని రాశావు. ఏం తెలుసు నీకు? ఎవరు చెప్పారు? ఆ వాక్యం దగ్గర పిల్లని చదవడం ఆపమని, కాగితం తీసుకుని గదిలోకి వచ్చి ఒక్క కంటితో నేనే చదువుకున్నాను. నాలుగుసార్లు. నా మీద నీకు ఏదైనా ఉంటే విడమరిచి రాయి. ఇట్లా సగం చెప్పి ఆపడం నీకు కథల్లోనే కాదు, ఉత్తరాల్లోనూ అలవాటయినట్టుంది.

మనసు పెట్టలేదన్నావు. నేను తొక్కిన గడపలు నీకు లెక్క చెప్పను. కాలేజీలో చదువు చెప్పే అమ్మగారు ఒకావిడ ఇంగ్లీషులో అట్లాంటివి బోలెడున్నాయి, తెలుగులో పిల్లలకి ఎవరు రాశారండీ అంది. ఆ మాట విని సగం మెట్లే దిగాను. మెట్టు మీదే కూర్చున్నాను. అటు వెళ్ళేవాళ్ళు కాసిన్ని చిల్లర డబ్బులు నా ఒళ్ళో వేశారన్నా. ముష్టిదాన్ననుకున్నారు.

మీరా హుస్సేన్ ఒక ఉపాయం చెప్పాడు. "పేరు లేకపోయినా, అట్ట లేకపోయినా ఫరవాలేదమ్మా. మీ అన్నయ్యకి గుర్తున్నంతవరకు కథ రాసి పంపమనండి. నాలుగు పేజీలు వింటే అది ఏ పుస్తకం నుంచి చిరిగిన కాగితమో చెప్పగలను" అన్నాడు.

కాబట్టి రాయి. నాతో పనిలేదు, పుస్తకంతోనే పని అనుకుని రాయి.

వీరమ్మ


పొదిలి దగ్గర
5 మార్చి 1959

వీరమ్మకి,

ముష్టి వేశారని రాశావు. ఆ చిల్లర ఏం చేశావో రాయలేదు. నేనైతే విసిరికొట్టేవాణ్ణి. నువ్వు తిరిగింది చాలు. ఈ ఒక్క ఉత్తరం ఆ సాయిబుకి వినిపించి ఇక మానెయ్.

కథ ఇదీ. చేతికి వచ్చినట్టు రాస్తున్నాను. మూడు రోజులు పట్టింది.

యెరూషలేముకి ఒక కోసు దూరంలో ఒలీవ చెట్ల దగ్గర ఒక ఊరు. ఊరికి ఎడంగా విడిగా ఒక గుడిసె. అమ్మ, నాయన, పన్నెండేళ్ళ కొడుకు, ఏడేళ్ళ కూతురు, ఒక చంటాడు. నాయన కూలికి పోయాడు. అమ్మకి పాలు పడలేదు. ఇంట్లో ఒక గాడిద ఉంది, దానికి ఒక పిల్ల ఉంది. చంటాడికి ఆ గాడిద పాలే పోసేవాళ్ళు. ఇప్పటికీ గుంటూరు వీధుల్లో పసిబిడ్డలకి గాడిద పాలు అమ్ముతారు గదా, అట్లాగే.

ఆ కుర్రవాడు ప్రభువు సంగతి విన్నాడు. రోగులని బాగుచేస్తాడని, పేదోళ్ళని పలకరిస్తాడని. మన ఊరికి ఎప్పుడొస్తాడా అని చూస్తున్నాడు. ఒక పొద్దున ఇద్దరు మనుషులొచ్చి, గుమ్మం ముందు కట్టేసిన గాడిదని చూసి, "ప్రభువుకి కావాలి" అన్నారు.

వాడు ఇంకేమీ అడగలేదు. ఎగిరి గంతేశాడు. తన చేత్తోనే ముడి విప్పాడు. తన చేత్తోనే తాడు వాళ్ళ చేతిలో పెట్టాడు. "డబ్బులిస్తారా అని అడిగావా? ఎప్పుడు తెస్తారని అడిగావా?" అని తర్వాత అమ్మ అడిగింది. వాడు "ప్రభువమ్మా" అన్నాడు. అమ్మ "ఏ ప్రభువురా?" అంది. ఆ దేశంలో అప్పుడు రోమా దొరలున్నారు. వాళ్ళనీ జనం ప్రభువులనే పిలవాలి. ఏ ప్రభువో వీడు అడగలేదు.

చెల్లెలు మాత్రం చంకన ఒక మూట పెట్టుకుని, కాళ్ళకి ఏమీ లేకుండా, గాడిద పోయిన దారిన నడిచిపోయింది. అన్న గుమ్మంలో నిలబడి చూశాడు. వెనక పోలేదు. మలుపు తిరిగేదాకా దాని జడ కనపడింది.

అంతవరకే నాకు తెలుసు. తర్వాత ఆ పిల్ల గాడిదని చూసిందా, వాళ్ళు ఇచ్చారా, ఇవ్వలేదా, అది పుస్తకంలో ఉండాలి. నాకు అది తెలియకుండానే ఇంతకాలం గడిచింది. జయకుమారి కోసం అని రాశాను గానీ నాకూ తెలుసుకోవాలనే ఉంది.

ఏసోబు


బ్రాడీపేట
14 మార్చి 1959

అన్నా,

నీ ఉత్తరం మీరా హుస్సేన్ కొట్లోనే ఆయన చేత చదివించుకున్నాను. చదివి ఆయన కాగితం మడిచి నా చేతికిచ్చాడు. "ఇది అచ్చయిన పుస్తకం కాదమ్మా" అన్నాడు. నాకు తెలుసు నాయనా అన్నాను.

అది గాడిద కాదు. మేక. నల్ల మేక, ఎడమ చెవికి చీలిక. నా చంకన ఉన్నది మూట కాదు, దాని పిల్ల. పిల్ల దగ్గర లేకపోతే ఆ మేక పాలు చేపదు. ఆ సంగతి నాకు తెలుసు, వాళ్ళకి తెలియదు, అందుకే పరుగెత్తాను.

బంట్రోతు వచ్చి "ప్రభువులకు కావాలి, దొరగారి మకాంలో దొరసాని బిడ్డకి మేకపాలు కావాలట" అన్నాడు. అంతకుముందు ఆదివారమే మనకి బడిలో గాడిద బొమ్మ చూపించారు. నువ్వు బంట్రోతు కర్రకి భయపడి తాడు ఇచ్చావనుకున్నానన్నా ఇన్నేళ్ళూ. సంతోషంతో ఇచ్చావని ఈ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. రెండో సగం వినను కూడా వినలేదేమో నువ్వు. ప్రభువు అన్న మాట ఒక్కటే విన్నావు.

ఇప్పుడు మిగతా పుస్తకం రాస్తాను. ఇది నేను చెబుతుంటే మా హాస్టలు పిల్ల రాస్తోంది. దాని చేత ఒట్టు వేయించుకున్నాను.

మకాం మామిడి తోపులో ఉంది, డేరాలు. వంటవాడు నన్ను చూసి అరిచాడు. మేక చేపక నానా తంటాలు పడుతున్నాడు. నేను పిల్లని వదలగానే చేపింది. రెండు రోజులు నన్ను అక్కడే ఉంచుకున్నారు. రొట్టె ముక్కలు పెట్టారు. మూడో రోజు పొద్దున మకాం ఎత్తేశారు. ఆ వంటవాడు తాడు నా చేతిలో పెట్టి "తీసుకుపో పిల్లా, మీ అమ్మకివ్వు" అన్నాడు.

తిరిగి ఇచ్చారన్నా. ఇచ్చారు.

ఎండగా ఉంది. కాళ్ళు కాలాయి. దారిలో తుమ్మచెట్టు నీడన కూర్చున్నాను. తాడు ఆ చెట్టుకి ముడేశాను, పిల్లని ఒళ్ళో పెట్టుకున్నాను. నిద్రపట్టింది. లేచేసరికి తాడు చెట్టు కింద పడి ఉంది. మేక లేదు. నాకు ముడి వెయ్యడం రాదు, ఎవరూ నేర్పలేదు. ఎంత పిలిచానో. పిల్ల అరిచింది, నేను అరిచాను. రాలేదు.

ఇంటికొచ్చేసరికి నాయన నిన్ను కొడుతున్నాడు. "ఇయ్యరని తెలియదా నీకు? ఎందుకిచ్చావు?" అంటున్నాడు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఒక్కమాట అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. నువ్వు ఏడవకుండా నిలబడ్డావు. నేను గోడ పక్కన పిల్లని పట్టుకుని నిలబడ్డాను. ఆ ఎండాకాలం దాటకుండానే చంటాడు పోయాడు. నాయన నిన్ను అనడం మానలేదు. నేను విన్నాను. ప్రతిసారీ విన్నాను. నాకు పదేళ్ళు రాగానే మిషనోళ్ళు గుంటూరు బోర్డింగుకి తీసుకెళ్తామంటే అందరికంటే ముందు బండెక్కింది నేనే. మళ్ళీ ఎందుకు రాలేదో నీకు ఇప్పుడు తెలిసింది.

ఎందుకో నాకు తెలుసు అని నువ్వు రాస్తే, ఇది తెలిసిపోయిందనుకున్నాను. నీకు తెలిసింది వేరే అన్నమాట. నేను నిన్ను తప్పు పడుతున్నాననుకున్నావు నువ్వు.

పుస్తకం వెతకడం మానేశాను. అయ్యగారికి ఏం చెబుతావో చెప్పుకో. నా పేరు చెప్పినా నాకు ఫరవాలేదు. అరవై నాలుగేళ్ళు వచ్చాయి. అలిసిపోయాను.

వీరమ్మ


పొదిలి దగ్గర
23 మార్చి 1959

వీరీ,

నీ ఉత్తరం వచ్చి వారం అయింది. మొదటి మూడు రోజులు నీ మీద కోపం అనుకున్నాను. తర్వాత చూస్తే కోపం కాదు. యాభై ఏడేళ్ళు మోసింది సగం నాది కాదని తెలిస్తే వీపు తేలికవ్వాలి గదా. కాలేదు. వంగిన వీపు ఇప్పుడు లెమ్మంటే లేస్తుందా? అంతే. ముడి విప్పింది నేను, ముడి పడనిది నీకు. సగం సగం పెట్టుకుందాం.

నిన్న మట్టల ఆదివారం. పిల్లలు ఈతమట్టలు పట్టుకుని గుడి చుట్టూ తిరిగారు. వాక్యం అయ్యాక అయ్యగారు నా వంక చూశాడు. నేను లేచాను. మోకాళ్ళు పట్టేసి లేవడానికే సేపు పట్టింది. అందరూ చూస్తున్నారు. లాల్‌బీ కూడా వచ్చి గుమ్మం బయట నిలబడింది.

"పుస్తకం లేదండి" అన్నాను. "అబద్ధం చెప్పాను. అది మా ఇంట్లో జరిగింది. మేకని గాడిద చేశాను, పొదిలిని యెరూషలేము చేశాను. వేదానికి కలిపానంటే కలిపాను. నన్ను ప్రభురాత్రి భోజనం బల్ల దగ్గరికి రానివ్వకపోయినా సరే." వెనక ఎవరో నవ్వారు. జయకుమారి వెనక్కి తిరిగి వాణ్ణి చూసిన చూపుకి ఆ నవ్వు ఆగిపోయింది.

అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కూర్చో ఏసోబూ" అన్నాడు. నేను కూర్చోబోతుంటే మళ్ళీ ఆయనే, గొంతు తగ్గించి, "తిరిగి ఇచ్చారా మరి?" అన్నాడు.

"ఇచ్చారండి" అన్నాను.

గుడి మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలినట్టయింది. నీకు వినిపించి ఉంటే బాగుండేది.

ఇవ్వాళ కల్లంలో మిగతాది చెప్పాను. ఇక గాడిద అనలేదు, మేకే అన్నాను. మామిడి తోపు, రొట్టె ముక్కలు, తుమ్మచెట్టు. నీ పేరు చెప్పలేదు. లాల్‌బీ "ఏడేళ్ళ పిల్ల, ఆ ఎండలో, దానికి ముడి వెయ్యడం ఎవరు నేర్పారు పాపం" అని చెంగు నోట్లో కుక్కుకుంది. ఆమె నీ మాటే అంది, ఎవరూ నేర్పలేదని. అందరూ ఆ మాటే అన్నారు. పాతికమందిలో ఒక్కతె కూడా ఆ పిల్లని ఏమీ అనలేదు. ఇది నువ్వు రెండుసార్లు చదివించుకో.

జయకుమారి మాత్రం ఊరుకోలేదు. "తాతా, వాళ్ళ నాయన కొడుతుంటే ఆ అన్న ఏమనుకున్నాడు?" అంది. ఏమీ అనుకోలేదు అన్నాను. "మరి చెల్లెలు అంత దూరం ఒక్కతే పోతుంటే, అన్న వెనక పోయి తీసుకురాలేదా?"

పోలేదు గదా నేను. గుమ్మంలో నిలబడ్డాను. మేక సంగతి యాభై ఏడేళ్ళు ఆలోచించాను గానీ నిన్ను తీసుకురావాల్సింది నేనేనని ఒక్కసారి తోచలేదు. పదకొండేళ్ళ పిల్ల చెబితే తోచింది.

"పోయాడు, కాకపోతే కొంచెం ఆలస్యంగా" అన్నాను.

ఆ మాట అబద్ధం కాకుండా చూడు. వచ్చే ఆదివారం పునరుత్థాన పండగ. శనివారం పొద్దున గుంటూరులో బస్సెక్కు. జబ్బులన్నీ మూట కట్టుకునే రా, దారిలో వింటాను. పొదిలిలో బస్సు దిగగానే పంచె పైకి కట్టి, కర్ర పట్టుకుని ఒక ముసలాడు నిలబడి ఉంటాడు. బస్సు ఆలస్యమైనా ఉంటాడు.

నీ అన్న
ఏసోబు